వరదగుడి, ప్రభావళి, హేలో ఎఫెక్ట్: వలయం అసలు ఎక్కడుంది?

ఒడిశాలోని రాయగడ నుంచి వచ్చిన ప్రశ్న ఇది: "మొన్న రాత్రి చంద్రుడి చుట్టూ పెద్ద వలయం కనబడింది. మా అమ్మ 'గుడి కట్టింది, వాన తప్పదు' అంది. ప్లస్ టూ చదివే మా అబ్బాయి సైకాలజీ పాఠంలో హేలో ఎఫెక్ట్ ఉంది. ఉత్సవమూర్తి వెనక ఉండే ఇత్తడి చట్రాన్నీ ఇంగ్లీషులో హేలో అనే రాస్తున్నారు. ఇవన్నీ ఒకటేనా? వాడి ప్రాజెక్టుకి తెలుగులో ఏ మాట వాడాలి?"

ఒకటి కాదండీ. ఇంగ్లీషుకి ఉన్నది ఒక్క మాట, మనకి నాలుగైదున్నాయి. చిక్కంతా అక్కడే. గ్రీకులో హాలోస్ అంటే నూర్పిళ్ల కళ్లం. నడుమ గుంజ పాతి చుట్టూ ఎడ్ల బంతి తోలితే నేల గుండ్రంగా నలుగుతుంది కదా, ఆ గుండ్రం పేరే సూర్యచంద్రుల బింబానికీ, తర్వాత వాటి చుట్టూ పడే వలయానికీ వచ్చింది. దేవతల తలల వెనక వలయానికీ, మనస్తత్వశాస్త్రానికీ అక్కణ్ణుంచి పాకింది. హేలోజెన్ బల్బుకి మాత్రం దీనితో చుట్టరికం లేదు. అది ఉప్పు అనే అర్థమున్న వేరే గ్రీకు మాట నుంచి పుట్టింది. ప్రాజెక్టులో ఆ రెండూ కలిపేయవద్దని మీ అబ్బాయికి ముందే చెప్పండి.

ఏ వలయం కనబడినా మొదట అడగాల్సింది ఒక్కటే: అది ఎక్కడుంది? ఆకాశంలోనా, కంట్లోనా, చేసినవాడి చేతిలోనా, చూసేవాడి బుర్రలోనా? దీనికి ఒక తేలిక పరీక్ష ఉంది. నడిమి వస్తువుని కప్పేసి చూడండి. వలయం మిగిలితే అది బయట నిజంగా ఉంది. వస్తువుతో పాటే మాయమైతే తేడా చూసే సాధనంలో ఉంది. ఆ సాధనం కన్ను కావచ్చు, కళ్లద్దం కావచ్చు, మనసూ కావచ్చు.

ముందు మీ చంద్రుడి సంగతి. చేయి పూర్తిగా చాచి జాన పట్టండి. బొటనవేలి కొస చంద్రుడి మీద పెడితే చిటికెనవేలి కొస వలయాన్ని తాకిందా? చాచిన చేతి జాన సుమారు 20 నుంచి 22 డిగ్రీలుంటుంది. తాకితే అది అసలు వరదగుడి, సంస్కృతంలో పరివేషం. ఎత్తున ఉండే పలచని పొరమబ్బులో ఆరుపలకల మంచు స్ఫటికాలుంటాయి. కాంతి ఒక పక్క పలకలో దూరి, ఒకటి విడిచి ఆ పై పలకలోంచి బయటపడుతుంది. ఆ రెండు పలకల మధ్య కోణం 60 డిగ్రీలు, మంచు వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.31. లెక్క వేస్తే కాంతి కనీసం 21.8 డిగ్రీలు వంగాలి. అంతకంటే తక్కువ వంగే దారి లేదు గనక వలయం లోపలి ఆకాశం కాస్త నల్లగా, లోపలి అంచు పదునుగా ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే తక్కువ వంగుతుంది, అందుకే అది లోపలి అంచున చేరుతుంది. వెన్నెల వలయంలో రంగులు కంటికి ఆనవు, తెల్లగానే తోస్తుంది. ఫోనులో రెండు మూడు సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే ఎరుపు బయటపడుతుంది. వలయం అడ్డకొలత 44 డిగ్రీలు కాబట్టి ఫోనులోని మామూలు 1x లెన్సు చట్రంలో మొత్తం పడుతుంది. ఫోనుని గోడకి ఆనించి, చంద్రుణ్ణి కరెంటు స్తంభం వెనక దాచి తీయండి. సూర్యుడి చుట్టూ పడ్డప్పుడైతే ఇలా దాచడం తప్పనిసరి. వాటర్ ట్యాంకో కొబ్బరిమట్టో అడ్డు లేకుండా అటు చూడనే చూడకండి.

జాన అక్కర్లేకుండా, చంద్రుణ్ణి అంటుకుని, పిడికిలిలో సగానికే సరిపోయే రంగు వలయాలు పడితే అది వేరే జాతి. చాచిన చేతి పిడికిలి 10 డిగ్రీలు. ఇది రెండు నుంచి ఐదు డిగ్రీల దాకానే ఉంటుంది. ఇక్కడ మంచు అక్కర్లేదు, నీటి తుంపరలు చాలు. కాంతి వాటి అంచుల చుట్టూ వ్యాపించి వలయమవుతుంది. శాస్త్రంలో దీన్ని కరోనా అంటారు. రంగులు తలకిందులు: నీలం లోపల, ఎరుపు బయట. తుంపర ఎంత చిన్నదైతే వలయం అంత పెద్దది. 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తుంపరకి మొదటి నల్లని వలయం దాదాపు 2 డిగ్రీల దూరాన పడితే, 10 మైక్రాన్లకి దాదాపు 4 డిగ్రీల దూరాన పడుతుంది. తుంపరలన్నీ ఒకే సైజులో లేకపోతే వలయాలు ఒకదాని మీద ఒకటి పడి రంగులు కలిసిపోతాయి. చంద్రుడి చుట్టూ గోధుమరంగు మసక ఒక్కటే మిగులుతుంది.

"దగ్గర గుడి అయితే దూరాన వాన, దూరపు గుడి అయితే దగ్గర్లో వాన" అని మన పెద్దవాళ్లు అనేది ఈ రెండింటి గురించే. చెడ్డ పరిశీలనేమీ కాదు. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం కట్టినప్పుడు దాని తలమీంచి పొరమబ్బు వందల కిలోమీటర్ల ముందుకి పరుచుకుంటుంది, పెద్ద గుడి అందులో పడుతుంది. ఫైలిన్ (2013), తిత్లీ (2018) తుపాన్లు రెండూ ఒడిశా, ఉత్తరాంధ్ర తీరానికి అక్టోబరులోనే వచ్చాయి. అయితే సామెత దెబ్బతినే చోటు కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుముల వాన కురిసి వెళ్లాక, ఆ మేఘం నెత్తిన మిగిలిన మంచుపొరలో గుడి పడుతుంది. అది రాబోయే వాన కాదు, పోయిన వాన తాలూకు శేషం. అందుకే గుడి పడ్డ తర్వాత 12 గంటలు ఆకాశాన్ని గమనించండి. వలయం చెదిరి, బింబం గరుకుగాజు వెనక దీపంలా మసకబారుతోందంటే మబ్బు దళసరి అవుతోందని అర్థం, వాన అవకాశం పెరిగింది. పొర విడిపోయి చుక్కలు తేటపడితే ఏమీ లేదు. తుపాను వస్తుందా రాదా అనేది మాత్రం గుడిని చూసి కాదు, వాతావరణ శాఖ బులెటిన్ చూసి తేల్చుకోవాలి.

వరాహమిహిరుడు 6వ శతాబ్దంలోనే పరివేషానికి కారణం రాశాడు. సూర్యచంద్రుల కిరణాలు గాలి వల్ల మండలంగా చేరి, పలచని మబ్బున్న ఆకాశంలో రంగురంగులుగా కనిపిస్తాయని. గాలి సంగతి నిలబడలేదు గాని పలచని మబ్బు అన్నాడే, అది మాత్రం అక్షరాలా నిజం.

వరి గట్ల మీద తెల్లారగట్ల నడిచేవాళ్లు ఇంకొక వలయాన్ని చూసే ఉంటారు. మంచు బాగా పడిన ఉదయం ఎండని వీపున పెట్టుకుని నిలబడితే, గడ్డి మీద మీ నీడలో తల చుట్టూ మాత్రం తెల్లటి వెలుగు ఉంటుంది. మంచుబొట్టు చిన్న భూతద్దంలా ఎండని వెనకున్న ఆకు మీద గుచ్చుతుంది, ఆకు ఆ వెలుగుని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. ఆ దారిలో ఉన్నది మీ కళ్లు కాబట్టి వెలుగు మీకే కనిపిస్తుంది. పక్కన నిలబడ్డ మనిషి నీడకి మీకు వలయం ఉండదు, ఆయనకి ఆయన తల చుట్టూనే ఉంటుంది. ఇటలీ శిల్పి బెన్వెనుటో చెల్లిని 16వ శతాబ్దంలో దీన్ని చూసి, తనకే దక్కిన దైవకటాక్షమని రాసుకున్నాడు. దేవమాలి శిఖరం (1,672 మీటర్లు) మీదో మహేంద్రగిరి మీదో కింద లోయలో పొగమంచు ఉన్నప్పుడు నీడ పడితే గడ్డి మీద పడే తెల్లటి వెలుగు కాకుండా రంగు వలయాలే పడతాయి. దాన్ని గ్లోరీ అంటారు. దానిది తుంపరల్లో వెనక్కి తిరిగిన కాంతి కథ, మంచుబొట్టు లెక్క దానికి సరిపోదు.

ఇప్పుడు కంటి వలయం. ఇక్కడ పొరపాటు పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. రాత్రి వీధిదీపం చుట్టూ రంగు వలయం కనిపిస్తుంటే బొటనవేలు చాచి బల్బుని మాత్రం కప్పండి. వలయం అలాగే ఉందంటే గాలిలో పొగమంచు ఉంది. కోరాపుట్ ఘాటీల్లో చలికాలం ఇది మామూలే. బల్బుతో పాటు వలయమూ పోయిందంటే తేడా మీ వైపే ఉంది. మొదట కళ్లద్దాలు తీసి చూడండి. జిడ్డు పట్టిన అద్దం, హెల్మెట్ అద్దం మీద ఊపిరి ఆవిరి కూడా ఇదే చేస్తాయి. అవన్నీ తుడిచినా వలయం ఉంటే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ముఖ్యంగా రెండు కారణాలు: శుక్లం, లేదా నీటికాసులు అనే గ్లాకోమాలో ఒక రకం. కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగితే నల్లగుడ్డు మీది పారదర్శక పొరలోకి నీరు ఊరుతుంది. ఆ నీటి కణాలు మేఘంలో తుంపరలు చేసే పనే చేస్తాయి. నీలం లోపల, ఎరుపు బయట, అచ్చం చిన్న గుడి.

డాక్టర్లు ఈ రెండింటినీ విడదీయడానికి సన్నని చీలిక ఉన్న పలకని కనుపాప ముందు అడ్డంగా జరుపుతారు. ఫించమ్ పరీక్ష అంటారు. శుక్లం వలయం ముక్కలుగా విరిగి చీలికతో పాటు తిరుగుతుంది. గ్లాకోమాది విరగదు, మసకబారుతుందంతే. ఇంట్లో అట్టముక్క కోసి దీన్ని చేసి తీర్పు చెప్పేసుకోకండి. వలయంతో పాటు కన్ను ఎర్రబడి, నొప్పి, తలనొప్పి, వాంతులు ఉంటే అది గంటల్లో చూపించాల్సిన విషయం. చాలాసార్లు ఇది సాయంత్రం మసక వెలుతుర్లో, కనుపాప విప్పారినప్పుడు మొదలవుతుంది. వాంతులు చూసి పైత్యమనుకుని మాత్ర వేసుకుని పడుకోవడమే జరిగే పెద్ద తప్పు.

విశ్వం సంగతి, రాయి సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అక్కడ హేలో అనేది పోలిక కోసం పెట్టిన పేరు. మన పాలపుంత పళ్లెంలా పరిచి ఉంటే, దాని చుట్టూ బంతి ఆకారంలో పలచగా పాత నక్షత్రాలూ, 150కి పైగా గోళాకార నక్షత్ర గుచ్ఛాలూ ఉన్నాయి. ఆ బంతికి హేలో అని పేరు. వాటిలో అన్నిటికంటే కాంతివంతమైన ఒమేగా సెంటారీని మే నెల మధ్యలో రాత్రి పది ప్రాంతంలో బరంపురం, గోపాల్‌పూర్‌ల నుంచి చూడొచ్చు. నేరుగా దక్షిణాన, దిగంతానికి జానెడు ఎత్తులో, మసక చుక్కలా ఉంటుంది. పట్నం దీపాలు అడ్డొస్తే బైనాక్యులర్ కావాలి. ఇంకా పెద్దది కృష్ణపదార్థపు (డార్క్ మ్యాటర్) హేలో. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ తిరిగే వేగాన్ని కొలిస్తే అంచుల్లో కూడా అది అనుకున్నట్టు తగ్గలేదు. కంటికి కనబడని బరువేదో చుట్టూ ఉందనే ఆలోచనకి అది గట్టి ఊతమిచ్చింది. రాళ్లకి వస్తే, నల్ల అభ్రకంలో ఇరుక్కున్న జిర్కాన్ రేణువు చుట్టూ నల్లటి వలయం ఉంటుంది. జిర్కాన్‌లోని యురేనియం, థోరియం వదిలే ఆల్ఫా కణాలు అభ్రకాన్ని కాల్చిన మచ్చ అది, 30–40 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. కారణం 1907లో జాన్ జోలీ చెప్పాడు. సూక్ష్మదర్శిని లేకుండా కనపడదు.

కళలో ప్రశ్నే వేరు, అక్కడ వలయాన్ని మనిషి కావాలని పెట్టాడు. కనిష్కుడి నాణేల మీద బుద్ధుడికి తల వెనక వలయం ఉంది, అది క్రీస్తు శకం 2వ శతాబ్దం నాటి మాట. గాంధార బుద్ధుడికి నున్నటి పళ్లెం, మథురలో అంచుకి అర్ధచంద్రాల గొలుసు, గుప్తుల కాలానికి వచ్చేసరికి నడిమిన పద్మం, చుట్టూ లతల వరసలు. ఎక్కడి శిల్పమో, ఏ కాలానిదో చెప్పడానికి వలయమే మంచి ఆనవాలు. క్రైస్తవ చిత్రాల్లో ఇది 4వ శతాబ్దం నుంచి వస్తుంది. బతికి ఉన్నవాళ్లకి గుండ్రం బదులు నలుచదరపు వలయం పెట్టే పద్ధతి కూడా ఉండేది. రోములో 9వ శతాబ్దపు పోపు మొదటి పాస్కల్ బొమ్మకి అదే ఉంది. జహంగీరు తల వెనక వెలుగు యూరపు అచ్చుబొమ్మలు మొఘలు చిత్రకారుల చేతికి వచ్చిన తర్వాతది.

తెలుగులో వీటికి మాటలు కొరవ లేవు. తల వెనక ఉండేది శిరశ్చక్రం, లేదా ప్రభామండలం. విగ్రహం మొత్తాన్ని చుట్టి, పీఠం నుంచి లేచి వంపు తిరిగేది ప్రభావళి. మీరు చెప్పిన ఇత్తడి చట్రం ప్రభావళే. లోహ విగ్రహాలకి దాన్ని సాధారణంగా విడిగా పోతపోసి, పీఠం మీది బొడిపెలకో రంధ్రాలకో దిగేస్తారు. ఊరేగింపు ముందు అక్కడ కదులుతోందేమో చూసుకోవాలి. బరువంతా పైన ఉంటుంది కనుక కుదుపుకి ముందు వదులయ్యేది అదే.

బొమ్మ గీసేవాళ్లకి ఒక కొలత. బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చిత్రకారులు ముక్కు పొడవునే కొలబద్దగా పెట్టుకుని, కనుబొమల మధ్య ముక్కు మొదట్లో కంపాసు ముల్లు గుచ్చి మూడు వృత్తాలు తిప్పేవారు. ఒక ముక్కు పొడవుతో ముఖం, రెండింటితో తల, మూడింటితో వలయం. ఎదురుముఖానికి ఇది చక్కగా కుదురుతుంది. ముఖం పక్కకి తిరిగితే ముల్లుని పుర్రె మధ్యకి జరపండి, లేకపోతే టోపీ జారినట్టుంటుంది. వలయం వెలగాలంటే ఇంకా పసుపు కుమ్మరించడం కాదు చేయాల్సింది, దాని బయటి నేపథ్యాన్ని ఒక మెట్టు దించాలి. ఫ్లెక్సీ డిజైన్లలో తేలిపోయేది ఇక్కడే. తెల్ల నేపథ్యం మీద పసుపు వలయం ఎంత పెద్దది పెట్టినా వెలగదు.

ఇక మీ అబ్బాయి పాఠం. 1920లో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ సైనికాధికారుల్ని తమ కింది వాళ్లకి దేహదారుఢ్యం, తెలివి, నాయకత్వం, శీలం అని విడివిడిగా మార్కులు వేయమన్న పట్టికలు పరిశీలించాడు. మార్కులు విడివిడిగా రాలేదు. ఒకదాంట్లో పైనున్నవాడు అన్నిట్లోనూ పైనున్నాడు, అదీ నమ్మలేనంత సమానంగా. ఒంటిపుష్టికీ శీలానికీ అంత పొత్తు ఉండడానికి కారణం లేదు. అధికారి మనసులో మొత్తం మీద ఏర్పడ్డ ఒక అభిప్రాయం ప్రతి గడిలోకీ కారింది. దానికే హేలో అని పేరు పెట్టాడు. చెడు వైపూ ఇలాగే జరుగుతుంది: ఒక్క లోపం కనిపిస్తే మిగతావన్నీ నల్లబడతాయి.

1974లో లాండీ, సిగాల్ ఒకే వ్యాసాన్ని రచయిత్రి ఫొటో మార్చి చదివించారు. అందమైన ఫొటో ఉన్నప్పుడు మార్కులు పెరిగాయి, వ్యాసం నాసిరకమైనప్పుడు తేడా మరీ ఎక్కువ. 1977లో నిస్బెట్, విల్సన్ చేసిన పని మన సరిహద్దు జిల్లాల వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఫ్రెంచి యాసతో ఇంగ్లీషు మాట్లాడే ఒక అధ్యాపకుణ్ణి ఒక వీడియోలో ఆప్యాయంగా, మరోదాంట్లో చిరాకుగా మాట్లాడించారు. మనిషి అదే, యాస అదే. మొదటిది చూసినవాళ్లకి ఆ యాస ముద్దొచ్చింది, రెండోది చూసినవాళ్లకి అదే యాస కంపరంగా అనిపించింది. పైగా యాస నచ్చకే మనిషి నచ్చలేదని వాళ్లు గట్టిగా చెప్పారు. జరిగింది దానికి తలకిందులు. పర్లాకిమిడి, బరంపురం తెలుగు విని "ఒడియా కలిసింది" అని మొహం చిట్లించే ఇంటర్వ్యూ బోర్డుకి ముందు యాస నచ్చలేదా, మనిషి నచ్చలేదా అన్నది బోర్డుకే తెలియదు.

ఇది తెలుసుకున్నంత మాత్రాన పోదు, పద్ధతి మార్చాలి. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఒక పిల్లవాడి పేపరు మొదటి నుంచి చివరి దాకా దిద్దకండి. అందరి మొదటి ప్రశ్నా దిద్ది, కట్టని కలిపేసి, అప్పుడు రెండో ప్రశ్నకి వెళ్లండి. పేరున్న పేజీ మడతపెట్టండి, మొదటి ప్రశ్నకి వేసిన మార్కు కనపడకుండా విడి కాగితం మీద రాసుకోండి. ఉద్యోగానికి ముగ్గురు ఇంటర్వ్యూ చేస్తుంటే చూడాల్సిన నాలుగైదు అంశాలూ, ఏ జవాబుకి ఎన్ని మార్కులో ముందే రాసుకుని, అభ్యర్థి బయటికి వెళ్లగానే ఎవరి మార్కు వాళ్లు వేసి, ఆ తర్వాతే నోరు విప్పాలి. పెద్దాయన ముందు మాట్లాడితే మిగతా ఇద్దరి మార్కులూ ఆయనవే అయిపోతాయి. చివర పట్టికని అడ్డంగా చదవండి. ఒకరు వేసిన వరస ప్రతి అభ్యర్థికీ 8, 8, 8, 8 అనో 4, 4, 4, 4 అనో ఉంటే ఆయన నాలుగు విషయాలు చూడలేదు, ఒకటే చూశారు. ఒక్క అభ్యర్థి వరస అలా ఉంటే మాత్రం తొందరపడకండి, నిజంగానే అన్నిట్లోనూ బాగున్న మనిషీ ఉండొచ్చు.

బొటనవేలి పరీక్ష ఇక్కడా పనిచేస్తుంది. పేరూ ఫొటో కప్పేసి జవాబు మళ్లీ చదవండి. మెరుపు పోయిందంటే అది కాగితంలో లేదు.

ప్రాజెక్టుకి మాటలు: ఆకాశానికి వరదగుడి, బ్రాకెట్లో పరివేషం. విగ్రహానికి ప్రభావళి, తల వెనకదానికి ప్రభామండలం. గెలాక్సీకి హేలో అని తెలుగు లిపిలో రాస్తేనే నయం, పరివేషం అంటే వలయమనుకుంటారు, అది బంతి. సైకాలజీకి కూడా హేలో ఎఫెక్ట్ అనే ఉంచి, "ఒక గుణం చూసి మిగతావి ఊహించుకోవడం" అని పక్కన ఒక ముక్క రాయమనండి. మీరు తీసిన ఫొటో ఉంటే అట్ట మీద అదే అంటించవచ్చు, ఎరుపు లోపలి అంచున ఉందో లేదో ముందు చూసుకోండి.